కనిపెట్టినవారి పేరు

జనవరి సగం దాటిందంటే ఆ ఊళ్లో మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకుని మాట్లాడటం మానేస్తారు. అందరి చూపూ కాలువ మీదే. రొట్టెల కొట్టువాడు చిల్లర ఇస్తూ కాలువ వైపు చూస్తాడు. చర్చిలో పాట పాడేవాళ్లు కిటికీలోంచి కాలువ వైపు చూస్తూ రాగం తప్పుతారు. ఆ నీళ్లు సరిగ్గా గడ్డకట్టి ఎన్ని చలికాలాలైందో! డచ్చి సీమలోని ఫ్రీస్లాండ్ మనిషికి గడ్డకట్టని చలికాలం ఉప్పు లేని కూర లాంటిది. తింటాడు, కానీ తిన్నట్టుండదు.

ఆ సోమవారం పొద్దున గాలి తూర్పుకు తిరిగింది. పాలు పితికే యంత్రాలు చేసే హోయ్టెమా ఫ్యాక్టరీ వెనక కాలువ మీద పలచగా పొర కట్టింది. ఇంక చెప్పాలా! లోపల ఒక్కరికి పని మీద ధ్యాస ఉంటే ఒట్టు. అక్కడే పనిచేసే హిస్కె కూడా కిటికీ దగ్గర నిలబడి ఉండేదే, ఆమెను పై అంతస్తుకు పిలవకపోతే.

సిబ్బంది వ్యవహారాలు చూసే అన్నెలాట్ ఉట్రెఖ్ట్ పట్నం నుంచి వచ్చిన అమ్మాయి. మంచిదే, మర్యాద తెలిసినది. కానీ కాలువ వైపున్న కిటికీకి తెర దించుకుని కూర్చుంటుంది. ఎండ కంప్యూటరు మీద పడుతుందట. ఊళ్లో ఇంకెవరూ అంత పాపం చెయ్యరు.

"కూర్చోండి హిస్కె గారూ." కాఫీ పోసింది. డబ్బా మూత తీసి ఒక్క బిస్కెట్టు ఇచ్చి, మూత పెట్టేసింది. "మీరు అడిగిన సంగతి చూశాను. మీ అక్క గారి కోసం చేసిన ఆ చట్రం. మీలా ముందుగా వచ్చి అడిగేవాళ్లు తక్కువ. నిజంగా మెచ్చుకోవాలి."

హిస్కె సంతోషంగా బిస్కెట్టు కొరికింది. ఆమె అడిగింది చిన్న విషయం. అక్క బౌక్యెకు నరాల జబ్బు. కాళ్లు ఉన్నట్టుండి మాట వినవు. అలాంటి మనిషి మంచుగడ్డ మీద స్కేట్లతో నిలబడి జారేలా అక్క ఇంటి షెడ్డులో హిస్కె ఒక చట్రం చేసింది. బౌక్యె నోరు ఊరుకుంటుందా? కాళ్లకు వ్యాయామం చేయించే ఆయన దగ్గర గొప్పలు పోయింది. ఆయన, మా దగ్గర ఇంకో ఆవిడ ఉంది, ఆవిడకీ ఒకటి చేసిపెడతారా అన్నాడు. చెయ్యచ్చా, కంపెనీకేమైనా అభ్యంతరమా అని హిస్కె అడిగింది. అంతే.

"మీరు చేరినప్పుడు రాసుకున్న ఒప్పందం ఇది." అన్నెలాట్ కాగితం ఇటు తిప్పి, గోరుతో ఒక పేరా చూపించింది. "ఉద్యోగి పనివేళల్లో గానీ ఇతర వేళల్లో గానీ, ఏ స్థలంలోనైనా, కనిపెట్టినదేదైనా సంస్థకు చెందుతుంది. సంతకం మీదే కదా?"

"నాదే." హిస్కె చేతిలో సగం బిస్కెట్టు ఉండిపోయింది. "కానీ ఇది ఆవులకు కాదండీ. మా అక్కకి."

"తెలుసు. కానీ కీళ్లలో మన రబ్బరు తొడుగులున్నాయి."

"అడిగే తీసుకున్నాను."

"అవును. మీరు అన్నీ అడిగే తీసుకుంటారని స్టోర్సులో కూడా చెప్పారు." ఆ పిల్ల మాటలో వెటకారం లేదు. అదే హిస్కెకు మరీ కష్టంగా తోచింది.

ఆ తొడుగుల సంగతి ఆమెకు తెలిసినట్టు ఎవరికి తెలుస్తుంది! ఆవు చన్నుకు తొడిగే రబ్బరు గొట్టం పట్టుకుని వదలాలి, పట్టుకుని వదలాలి. గట్టిగా పట్టుకోవాలి, నొప్పి మాత్రం పుట్టకూడదు. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ ఆమె గీసేది, కోసేది, సాగదీసి చూసేది అవే. మనిషి నడుముకు కూడా అలాంటి పట్టే కావాలని ఒక ఆదివారం అక్క గిన్నెలు తోముతూ తూలి పడబోయినప్పుడు ఆమెకు తోచింది. ఆ తోచినది కూడా కంపెనీదేనట.

"దీన్ని పేటెంటు చేయిద్దామని డైరెక్టరు గారు అనుకుంటున్నారు. రేపు తెచ్చి అప్పజెప్పండి. లాయర్లు దరఖాస్తు వేసేదాకా బయటివాళ్ల కంట పడకూడదు. ఒక్కసారి జనం చూశారంటే ఇంక దానికి పేటెంటు రాదు. అది ఎవరిదీ కాకుండా పోతుంది."

"ఎవరిదీ కాకపోవడమంటే?"

"అందరిదీ అవుతుంది. ఎవరైనా చేసుకోవచ్చు." అన్నెలాట్ కాగితం మడిచింది. హిస్కె మొహం చూసి పాపం అనిపించిందేమో, మెల్లగా అంది, "ఇంకో మాట. దరఖాస్తులో ‘కనిపెట్టినవారు’ అని ఉంటుంది. అక్కడ మీ పేరే వెయ్యాలి. హక్కు సంస్థది, పేరు మీది. హిస్కె అల్కెమా అని అచ్చులో ఉంటుంది. ఎప్పటికీ."

హిస్కె సగం బిస్కెట్టు బల్ల మీద పెట్టేసింది. ఆమె చేతుల మీదుగా పోయిన తొడుగులు దేశదేశాల ఆవులకు తగులుకుని ఉన్నాయి. అన్నిటి మీదా హోయ్టెమా అనే ఉంటుంది. తన పేరు ఎక్కడైనా ఒక్కచోట అచ్చులో చూసుకోవాలని తనకింత ఆశ ఉందని ఆ నిమిషం దాకా ఆమెకే తెలియదు. తెలిశాక సిగ్గేసింది. సిగ్గేసినా ఆశ పోలేదు.

సాయంత్రం చీకటి పడకముందే అక్క ఇంటికి వెళ్లింది. ఇల్లు కాలువ ఒడ్డునే. బౌక్యె చక్రాల కుర్చీలో, కిటికీ బార్లా తెరుచుకుని, మెడకు రెండు శాలువాలు చుట్టుకుని కూర్చుంది. గదిలో ఊపిరి పొగలా కనిపిస్తోంది.

"కిటికీ మూసుకో అక్కా! గడ్డకట్టుకుపోతావు."

"గడ్డకట్టాల్సింది నేను కాదే, అది. నోరు మూసుకుని విను."

హిస్కె విన్నది. ఒడ్డు దగ్గర, రెల్లు మొదళ్లలో, సన్నగా ఏదో చిట్లుతున్న చప్పుడు. అక్క మొహం చూసింది. ఏళ్ల తర్వాత ఇల్లు చేరుతున్న మనిషి అడుగుల కోసం చెవి ఒగ్గినట్టుంది ఆ మొహం.

"వొబ్బె వచ్చి చూసిపోయాడు," అంది బౌక్యె. వొబ్బె ఊరి ఐసు సంఘం పెద్ద. గడ్డకు కన్నం వేసి కొలిచి, ఆయన జెండా ఎత్తితేనే జనం దిగుతారు. "గాలి ఇలాగే ఉంటే గురువారం ఎత్తుతానన్నాడు. బెల్టు తెచ్చావా?"

హిస్కె సంచీలోంచి తోలు బెల్టు తీసింది. కుట్టు పూర్తయింది. లోపలి వైపు మెత్తటి గొర్రె ఉన్ని అతికించింది. బెల్టు ఒళ్లో పెట్టుకుని జరిగినదంతా చెప్పింది.

"నిన్నెవరే అడగమన్నారు?" బౌక్యె లేవలేక కుర్చీ చేతులు చరిచింది. "దొంగ కూడా దొంగతనానికి ముందు పోలీసును అడగడు. నువ్వు నీ చేత్తో మన షెడ్డులో చేసుకున్నదానికి అనుమతి అడిగావా? చిన్నప్పుడూ ఇంతే. తుమ్మాలన్నా అమ్మను అడిగేదానివి."

"తప్పని తెలియదక్కా."

"తప్పెక్కడుందే? నువ్వు ఆదివారం కలగన్నా వాళ్లదేనా? రేపు నీకో మనవడు పుడితే వాడి మీద కూడా హోయ్టెమా అని ముద్ర వేస్తారేమో కనుక్కో."

హిస్కెకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. బెల్టు బకిల్సు తీస్తూ పెడుతూ, తల ఎత్తకుండా అంది, "పేరు వేస్తారట."

"ఎవరి పేరు?"

"నాది. కనిపెట్టినవారు హిస్కె అల్కెమా అని. అచ్చులో."

బౌక్యె ఏదో అనబోయి ఆగింది. చెల్లెలి వంక చాలాసేపు చూసింది. ఆ చూపు తప్పించుకోవడానికి హిస్కె లేచి కిటికీ మూసింది. బౌక్యె వద్దనలేదు.

"అయితే ఇచ్చెయ్," అంది చివరికి.

"ఐసు వస్తోందిగా అక్కా."

"వస్తే రానీ. ఒడ్డున కూర్చుంటా, బఠానీ సూప్ తాగుతా, పడ్డవాళ్లను చూసి నవ్వుతా. కాళ్లు పోయాయి గానీ నోరు పోలేదుగా." అలా అంటూనే ఉంది. దుప్పటి కింద ఆమె కుడికాలు మాత్రం పక్కకు తోసి, వెనక్కి లాగి, మళ్లీ పక్కకు తోస్తోంది. ఊళ్లో ఆడవాళ్ల పందేల్లో బౌక్యెను దాటినవాళ్లు లేరు. ఆ కాలికి అది ఇంకా గుర్తుంది. హిస్కె చూడనట్టు ఊరుకుంది.

కాసేపటికి బౌక్యె అంది, "ఇచ్చేముందు ఒక్కసారి నిలబెట్టు."

షెడ్డులోంచి చట్రం తెచ్చింది హిస్కె. మూడు వైపులా వంచిన ఇనుప గొట్టం, అడుగున పాత స్కేట్ల బ్లేళ్లు, నడుం దగ్గర నాలుగు రబ్బరు కీళ్లు. వంటింట్లో పాత దుప్పటి పరిచి దాని మీద పెట్టింది. అక్క చంకల కింద చేతులు వేసి లేపి, నడుముకు బెల్టు బిగించింది. బౌక్యె ఒళ్లంతా వణికింది. ఎడమకాలు ఎప్పటిలాగే దగా చేసి మడత పడబోయింది. రబ్బరు మెత్తగా కుంగి, ఆగి, ఆమెను మళ్లీ పైకి తెచ్చింది.

"వదులు," అంది బౌక్యె.

"పడతావు."

"వదలవే!"

హిస్కె చేతులు తీసేసింది. బౌక్యె రెండు చేతులూ గాల్లోకి ఎత్తి, ఎవరి ఆసరా లేకుండా, పొయ్యికీ సింకుకీ మధ్య నిలబడింది. కిటికీ ఆమె కళ్లకు ఎదురుగా ఉంది. కూర్చుని చూసే కాలువ వేరు, నిలబడి చూసే కాలువ వేరు.

మర్నాడు ఫ్యాక్టరీ వ్యాన్లో చట్రం తీసుకెళ్లి అప్పజెప్పింది. డైరెక్టరు సీబ్రెన్ హోయ్టెమా తనే కిందికి దిగి వచ్చాడు. తాత పెట్టిన ఫ్యాక్టరీ ఆయనది. బౌక్యెతో కలిసి చదువుకున్నవాడు, బడి పందేల్లో ఏటా ఆమె వెనకే వచ్చినవాడు. గేటు బయట హిస్కె ఆయన్ని సీబ్రెన్ అనే పిలుస్తుంది, నువ్వు అనే అంటుంది. లోపల మాత్రం మీరు.

ఆయన మోకాళ్ల మీద కూర్చుని కీలును అరచేత్తో నొక్కాడు. కుంగింది, లేచింది. మళ్లీ నొక్కాడు. మొహం చిన్నపిల్లాడి మొహమైపోయింది. "అబ్బ! ఎంత బాగుంది హిస్కె! మా అమ్మ చూస్తే వదలదు."

"ఒక్క రోజు ఇవ్వండి." అడగకూడదనుకుంటూనే అడిగింది. "గురువారం జెండా ఎత్తుతారట. అక్కను ఒక్కసారి దింపి, సాయంత్రానికి తెచ్చి ఇచ్చేస్తాను."

సీబ్రెన్ లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. "నా చేతిలో ఉంటే ఇవ్వనా? లాయర్లు ఒప్పుకోరు. జనం చూడకూడదట. కొంచెం ఓపిక పట్టు. వచ్చే చలికాలానికి కాగితాలన్నీ అయిపోతాయి. అప్పుడు బౌక్యెను నేనే చెయ్యి పట్టుకుని దింపుతా."

వచ్చే చలికాలం! ఆ ఊళ్లో చర్చి పాస్టరు కూడా స్వర్గం గురించి భరోసా ఇస్తాడు గానీ వచ్చే చలికాలం గడ్డ గురించి ఇవ్వడు. వచ్చే చలికాలానికి నీళ్లు కట్టాలి, బౌక్యె కాళ్లలో ఈ కాస్త జీవమూ మిగలాలి. ఆ మాట అనేటప్పుడు సీబ్రెన్ హిస్కెను చూడలేదు, ఆమె భుజం మీదుగా కాలువను చూశాడు. తలుపు తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. హిస్కె ఖాళీ చేతులతో తన బల్ల దగ్గరికి వెళ్లి, ఆ పూటంతా ఒకే తొడుగు సాగదీస్తూ కూర్చుంది. భయపడి ఇచ్చిందా, పేరు కోసం ఇచ్చిందా? రెండోదే ఎక్కువని ఆమెకు తెలుసు. ఆ తెలియడమే లోపల ముల్లులా గుచ్చుతోంది.

గురువారం పొద్దున వొబ్బె జెండా ఎత్తాడు.

ఇంక ఆ ఊరిని పట్టేవాడెవడు! బడికి సెలవు, బ్యాంకుకు తాళం, హోయ్టెమా ఫ్యాక్టరీకి కూడా ఐసు సెలవు. అలవాటు ప్రకారం ఎవరింటి పాత తివాచీలు వాళ్లు మోసుకొచ్చి వంతెన కింద పరిచారు. అక్కడ గడ్డ పలచన, స్కేట్లు విప్పకుండానే తివాచీ మీద నడిచి అవతలికి పోవాలి. ఎవరింట్లో ఏ తివాచీ మీద ఏం ఒలికిందో ఊరంతా చూస్తుంది. "వొబ్బె, ఇది మీ పెళ్లినాటిదేనా? ఈ మరక ఏమిటోయ్?" అని ఒకరు, "మీ ఆవిడను అడుగు!" అని ఆయన. ఏళ్ల తరబడి మాట్లాడుకోని అన్నదమ్ములు కూడా ఆ పూట ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని జారుతున్నారు.

ఫ్యాక్టరీ పేరుతో ఒడ్డున డేరా వేసి, బఠానీ సూప్, వేడి చాక్లెట్టు పోస్తున్నారు. డేరా పక్కన బౌక్యె చక్రాల కుర్చీలో కూర్చుంది. ఒళ్లో సంచీ. సంచీలో ఏముందో హిస్కె అడగలేదు. చూడకుండానే తెలుసు, అక్క పాత స్కేట్లు. ఎందుకు తెచ్చుకుందో దేవుడికే తెలియాలి.

"నువ్వెందుకే ఇక్కడ బొమ్మలా? కట్టుకో, దిగు." బౌక్యె కసురుకుంది.

"చలిగా ఉంది."

"ఫ్రీస్లాండ్లో పుట్టి ఐసు రోజున చలి అంటావా? సిగ్గులేదూ?" అని, వెంటనే మొహం తిప్పేసుకుంది. జనం జారుతూ పోతుంటే ఆమె తల వాళ్లతోపాటే ఎడమ నుంచి కుడికి తిరుగుతోంది, మళ్లీ కుడి నుంచి ఎడమకు. నోరు పోలేదన్న మనిషి నోరు విప్పడం లేదు. పడ్డవాళ్లను చూసి నవ్వడం కూడా లేదు. హిస్కె అక్కడ నిలబడలేకపోయింది. డేరాలో సూప్ అయిపోయిందని ఎవరో అంటే, క్యాంటీన్ నుంచి రెండో గిన్నె తెస్తానని ఫ్యాక్టరీ వైపు నడిచింది.

వెనక తలుపు తీసి ఉంది. గడప అవతల, కాలువలోకి దిగే చెక్కల మీద, సీబ్రెన్ వంగి ఏదో బిగిస్తున్నాడు. చట్రం. అందులో ఆయన తల్లి, పొట్టి ముసలావిడ, ఊరంతా ఇమ్క్యె బెప్పె, అంటే ఇమ్క్యె నానమ్మ అని పిలిచే ఆవిడ, చేతులు బార్లా చాపుకుని నిలబడి ఉంది. బెల్టు నడుం మీద నిలవక తుంటి మీదికి జారుతోంది.

హిస్కెను చూడగానే సీబ్రెన్ చెవుల దాకా ఎర్రబడ్డాడు. "అమ్మ పొద్దుటినుంచి ప్రాణం తీస్తోంది. ఇదే ఆఖరి ఐసు, చచ్చేలోపు ఒక్కసారి దిగుతానని." ఆ తర్వాత మామూలు గొంతుతో, అదేదో తేలిగ్గా తీసిపారేసే సంగతన్నట్టు అన్నాడు, "ఇప్పుడిది మనదే కదా. వేరేవాళ్లు చూపిస్తే తప్పు గానీ, మన వస్తువు మనం చూపించుకుంటే తప్పేముంది? ఏమంటావు?"

హిస్కె నోరు తెరిచింది. మాట సిద్ధంగానే ఉంది. ఎవరు చూపించినా అంతే, జనం చూశారంటే ఎవరిదీ కాదు, లోపలికి తీసుకెళ్లండి. అంతే, చిన్న మాట. అన్నెలాట్ ఆయనకు తప్పకుండా చెప్పే ఉంటుంది. ఐసు జ్వరంలో ఆయన చెవికెక్కలేదు. ఇంకా ఎవరూ చూడలేదు. ఒక్క మాటతో అంతా దక్కుతుంది. కంపెనీకి హక్కు, తనకు పేరు. హిస్కె అల్కెమా. ఎప్పటికీ.

దూరంగా డేరా పక్కన అక్క కనిపిస్తోంది. ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు.

"బెల్టు ఇంకో కన్నం బిగించండి," అంది హిస్కె. "ఆవిడ సన్నగా ఉన్నారు."

తనే వంగి బిగించింది. సీబ్రెన్ బతుకుజీవుడా అనుకుంటూ తల్లిని మెల్లగా కాలువలోకి దింపాడు.

బ్లేళ్లు గడ్డను గీరిన చప్పుడుకు జనం తిరిగి చూశారు. ఇమ్క్యె బెప్పె కీచుమని అరిచింది, ఆ తర్వాత పకపకా నవ్వింది. సీబ్రెన్ పక్కన జారుతూ, "మాదే! మా ఫ్యాక్టరీలో తయారైంది! ఎంత ఊపైనా ఊపండి, పడనివ్వదు!" అని అందరికీ చెప్పుకుంటున్నాడు. పత్రిక నుంచి వచ్చిన ఒకావిడ చకచకా ఫొటోలు తీసింది. సొమ్మొకడిది, సోకొకడిది. హిస్కె సూప్ గిన్నె సంగతి మరిచిపోయి ఒడ్డు వెంట అక్క దగ్గరికి పరిగెత్తింది.

బౌక్యె మొహం తెల్లగా పాలిపోయింది. "నాది," అంది చాలా మెల్లగా.

ఒక చుట్టు తిరిగి ముసలావిడ సరిగ్గా డేరా ముందు ఆగింది. రొప్పుతూ కిందా మీదా చూసుకుంది. "బాగుంది గానీ నాకు కుదర్లేదర్రా. చేతులు పెట్టుకునేవి నా చెవుల దాకా వచ్చాయి. ఇది పొడుగు మనిషికి చేసింది. ఎవరికి?"

బౌక్యె నోటి పుణ్యమా అని చెల్లెలు ఏదో చేస్తోందని ఊరందరికీ తెలుసు. సూప్ గరిటెలు కూడా ఆగిపోయాయి.

"నాకు," అంది బౌక్యె.

"నీకైతే నువ్వు ఒడ్డున కూర్చుని ఏం చేస్తున్నావే మొద్దూ?"

"మీ అబ్బాయిని అడగండి బెప్పె. వచ్చే చలికాలం దింపుతానన్నాడట. అందాకా కూర్చున్నా."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఇమ్క్యె బెప్పె నవ్వలేదు. కొడుకు వైపు తిరిగి చూసింది. "వచ్చే చలికాలమా?" అంది. ఆ రెండు మాటలే. సీబ్రెన్ టోపీ తీసి, మళ్లీ పెట్టుకుని, గడ్డ వంక చూశాడు. "బెల్టు విప్పు నాకు," అందావిడ.

హిస్కె అక్క ముందు మోకాళ్ల మీద కూర్చుని సంచీ తెరిచింది. స్కేట్ల తోలు ఎండి బిగుసుకుపోయింది. చేతి తొడుగులు పీకేసి, పళ్లతో లాగి తాళ్లు వదులు చేసి, అక్క పాదాలకు ఒక్కొక్కటే తొడిగింది. ముడి వేస్తుంటే పైనుంచి వేడిగా ఒక చుక్క ఆమె చేతి మీద పడింది. తల ఎత్తలేదు. వొబ్బె ఒక వైపు, సీబ్రెన్ ఒక వైపు పట్టుకుని బౌక్యెను లేపారు. హిస్కె బెల్టు బిగించింది. అక్క కోసం పొడిచిన కన్నంలోకి బకిల్సు తనంత తానే వెళ్లింది.

"వదలండి," అంది బౌక్యె.

మొదట కుడికాలు తోసింది. చట్రం ముందుకు జారింది. ఎడమకాలు తోయబోయి మడత పడింది. జనం హమ్మో అన్నారు. రబ్బరు కుంగి, పట్టి, లేపింది. మళ్లీ కుడి. మళ్లీ ఎడమ, ఈసారి నిలిచింది. నడుం వంగింది, తల కిందికి దిగింది, ఒక చెయ్యి తనంతట తనే వీపు వెనక్కి వెళ్లింది. పందెం రోజుల్లో ఆమె జారే తీరు అదే. ఊళ్లో పెద్దవాళ్లు దాన్ని గుర్తుపట్టి, చెప్పకుండానే దారి ఇచ్చారు. హిస్కె వెనకాలే స్కేట్లు లేకుండా బూట్లతో తడబడుతూ పరిగెత్తింది, పట్టుకోవడానికి కాదు, ఊరికే. వంతెన దాకా పోయి తిరిగొచ్చేసరికి బౌక్యె మొహమంతా తడి.

"గాలికి," అంది. "కళ్లల్లో గాలి కొట్టి." మళ్లీ అటు తిరిగి వెళ్లిపోయింది. పొద్దు వాలేదాకా ఆమెను గడ్డ మీదనుంచి లేపగలిగినవాడు లేడు. ఆ రాత్రి చట్రం ఆమె షెడ్డుకే చేరింది, సీబ్రెన్ తిరిగి అడగలేదు.

ఆదివారానికి గాలి పడమరకు మళ్లింది, వాన పట్టుకుంది. జనం నీళ్లోడుతున్న తివాచీలు చుట్టుకుని, ఎవరితో ఎవరూ పెద్దగా మాట్లాడకుండా ఇళ్లకు మోసుకుపోయారు.

మర్నాడు అన్నెలాట్ పిలిచింది. బల్ల మీద పత్రిక ఉంది. కాలువ కిటికీకి తెర మాత్రం ఈసారి ఎత్తి ఉంది. బయట చూడ్డానికి బురదనీళ్లు తప్ప ఏమీ లేవు.

"లాయర్లు చేతులెత్తేశారు. ఇంక అది ఎవరిదీ కాదు."

"అందరిదీ అని చెప్పారు మీరు."

"చెప్పాను." ఆ పిల్ల పత్రిక మడిచింది. "ఆ రోజు వెనక తలుపు దగ్గర మీరున్నారట. డైరెక్టరు గారు చెప్పారు. ఆయనకు ఒక్క మాట చెప్పి ఉండచ్చు కదా?"

"ముందే చెప్పింది మీరు కదండీ. ఇప్పుడది కంపెనీది. నేనెవరిని?" అంది హిస్కె.

అన్నెలాట్ బిస్కెట్ల డబ్బా మూత తీసి, మూత పక్కన పెట్టి, డబ్బా మొత్తం ఇటు తోసింది. "మీ పేరు పోయిందిగా హిస్కె గారూ," అంది. "దానికి నాకు బాధగా ఉంది."

"నాకూ," అంది హిస్కె. బిస్కెట్టు తీసుకోకుండానే లేచింది.

సాయంత్రం అక్క ఇంటికి వెళ్లేసరికి బౌక్యె ఫోను పట్టుకుని నిప్పులు చెరుగుతోంది. పత్రికలో ఆమె ఫొటోయే వేశారు, పెద్దది, నడుం వంచి, ఒక చెయ్యి వెనక పెట్టుకుని. కింద ‘బౌక్యె కుర్చీ’ అని ఉంది. పసివాళ్లు కుర్చీ నెట్టుకుంటూ జారడం నేర్చుకునే ఊళ్లు కదా, అలా అనేశారు. ఊరంతా అప్పుడే ఆ పేరే పలుకుతోందట.

"వెధవలు! నా పేరేమిటి మధ్యలో? నేను చేసిందల్లా ఊగుతూ నిలబడటం. ఫోను చేసి కడిగేస్తా, చేసింది మా చెల్లెలు, రాసుకోండి అని."

"వద్దక్కా."

"ఎందుకొద్దు?"

హిస్కె ఫొటో చూసింది. ఒక మూలన, దూరంగా, మసకగా, బూట్లతో పరిగెడుతున్న ఎవరో ఆడమనిషి ఉంది. మొహం తెలియడం లేదు. గుండె కలుక్కుమంది, లేదని ఎందుకనాలి? ఆశ పెట్టుకున్నది ఆశ పెట్టుకున్నదే. కానీ ఆ వంగిన నడుం వైపు చూస్తుంటే, ఆ రోజు వెనక తలుపు దగ్గర మళ్లీ నిలబెట్టినా తాను అనే మాట ఆ బెల్టు మాటేనని మాత్రం తెలిసింది.

తలుపు చప్పుడైంది. వాన కోటు వేసుకున్న పెద్దమనిషి, పక్క ఊరి కమ్మరి. భార్యకు పక్షవాతమట. చేతిలో కొలిచే టేపు ఉంది. "బౌక్యె కుర్చీ ఇక్కడే ఉందన్నారు. కొలతలు తీసుకోనిస్తారా?" అని గుమ్మం దగ్గరే టోపీ తీశాడు.

హిస్కె ఆయన్ని షెడ్డులోకి తీసుకెళ్లింది. ఆయన కీలును అరచేత్తో నొక్కాడు. కుంగింది, లేచింది. మళ్లీ నొక్కి, తల ఊపుతూ ఉండిపోయాడు.

"బెల్టు లోపల ఉన్ని పెట్టండి," అంది హిస్కె. "లేకపోతే ఆవిడకు ఒరుసుకుంటుంది. రబ్బరు ఎంత బిగువుండాలో చూపిస్తాను, రండి."

ఆయన టేపు సాగదీస్తూ ఆమె వంక చూశాడు. "దీని సంగతి మీకు బాగానే తెలుసే. మీరెవరమ్మా?"

"నేనా?" హిస్కె టేపు రెండో కొస పట్టుకుంది. "బౌక్యె చెల్లెల్ని."